కాలేయకణములో రైబోసోములు: పొర నంటినవి, విడిగా ఉన్నవి

ఉన్నత పాఠశాల జీవశాస్త్ర పుస్తకములలో జంతుకణము బొమ్మ ఒకటి తప్పక ఉంటుంది. నడుమ కేంద్రకము. దాని చుట్టూ మడతలు మడతలుగా పొరల అల్లిక. ఆ పొరల మీద, అరిసె మీద నువ్వులు అద్దినట్లు, చిన్న చిన్న చుక్కలు. అటువంటి చుక్కలే ఏ పొరనూ అంటుకోక కణద్రవ్యములో అక్కడక్కడ చెదరి కనిపిస్తవి. రెండు చోట్ల నుండీ గీతలు లాగి, రెంటికీ ‘రైబోసోములు’ అని ఒకే పేరు వ్రాస్తారు.

రెండేండ్ల క్రిందట ఇంటర్మీడియట్ విద్యార్థిని ఒకామె ఆ బొమ్మను చూపి, “సార్, ఈ చుక్కలూ ఆ చుక్కలూ ఒకటేనాండి? ఒకటే అయితే కొన్ని అంటుకొని, కొన్ని విడిగా ఎందుకున్నాయి?” అని అడిగినది. నా ఉపాధ్యాయులు నాకు చెప్పినదే నేనూ చెప్పినాను: “పొర నంటినవి కణము బయటికి పంపే సరకు తయారు చేస్తాయి, విడిగా ఉన్నవి కణము ఇంటివాడకానికి కావలసినది తయారు చేస్తాయి.” ఆమె అది వ్రాసుకొని, కూర్చోబోయి, మళ్ళీ లేచి, “మరి తాను ఎక్కడ పనిచెయ్యాలో ఆ చుక్కకు ఎవరు చెప్తారండి?” అన్నది. ఇంతలో గంట కొట్టినారు. నేను బ్రతికిపోయినాను.

ఇంటికి పోయి పుస్తకములు తిరగవేస్తే, నేను చెప్పిన జవాబు అబద్ధము కాకపోయినా, వినేవారిని దారి తప్పించే జవాబని తోచినది. అది వింటే రైబోసోములలో రెండు జాతులున్నవనీ, ఒక జాతి ఎగుమతి పనికి, మరొక జాతి ఇంటి పనికి ఏర్పడినవనీ అనుకుంటాము. అట్లా కాదు. అట్లా కాదని తేలడానికి శాస్త్రజ్ఞులకు సుమారు ఇరవై సంవత్సరములు పట్టినది. ఆ పరిశోధనలో మొదటి సగము ఎలుక కాలేయము మీదనే జరిగినది.

కాలేయమే ఎందుకు? మొదటి కారణము చేతివాటమునకు సంబంధించినది. కాలేయము మెత్తని అవయవము, సులువుగా నలుగుతుంది. ఒక్క ఎలుక నుండి సుమారు పది గ్రాములు దొరుకుతుంది. దాని ఘనపరిమాణములో సుమారు అయిదింట నాలుగు వంతులు ఒకే రకపు కణములు గనుక, ఏ కణము ఏమి చేసినదన్న చిక్కు ఎక్కువగా ఉండదు. రెండవ కారణము ముఖ్యమైనది. కాలేయకణము బయటికి పంపే మాంసకృత్తులనూ, తనలోనే ఉంచుకొనే మాంసకృత్తులనూ, రెంటినీ విరివిగా చేస్తుంది. మన రక్తద్రవములో లీటరుకు 35 నుండి 50 గ్రాముల వరకు ఆల్బుమిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. నీరు రక్తనాళములు విడిచి ఒంటిలోనికి ఊరిపోకుండ పట్టి ఉంచే పనిలో దానిదే పెద్ద పాలు. కాలేయము చెడినవారికి కాళ్ళు వాయడము, పొట్టలో నీరు చేరడము మనము చూస్తూనే ఉంటాము. ఆల్బుమిన్ తగ్గడము అందుకొక కారణము. పెద్దవారి కాలేయము రోజుకు 10 నుండి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేసి రక్తములోనికి వదులుతుంది. రక్తము గడ్డకట్టడానికి కావలసిన ఫైబ్రినోజన్, ప్రోథ్రాంబిన్, ఇనుమును మోసుకొనిపోయే ట్రాన్స్‌ఫెరిన్ కూడ అక్కడ తయారై బయటికి పోయేవే.

ఇక ఇల్లు కదలనివి: చక్కెరలను విడగొట్టే ఎంజైములు, మరి ఫెరిటిన్. ఫెరిటిన్ ఒక గుల్ల బంతి. 24 ముక్కలు చేరి ఒక బంతి అవుతుంది. దాని బోలులో 4,500 వరకు ఇనుప పరమాణువులు దాగి ఉండగలవు. ధాన్యమునకు గాదె ఎట్లాగో ఇనుమునకు ఫెరిటిన్ అట్లాగు. (ఫెరిటిన్ స్వల్పముగా రక్తములో కూడ కనిపిస్తుంది; పరీక్షశాలలో కొలిచేది ఆ స్వల్పమునే. దాని పని మాత్రము కణములోపలనే.) ఆల్బుమిన్, ఫెరిటిన్ అనే ఈ రెండు పేర్లను పాఠకులు గుర్తుంచుకోవలెను, ఒకటి ఊరేగేది, ఒకటి ఇంటిపట్టున ఉండేది.

రైబోసోము సంగతి క్లుప్తముగా చెప్పుకుందాము. దాని అడ్డుకొలత సుమారు మిల్లీమీటరులో నలభైవేల వంతు. అది ఆర్.ఎన్.ఏ., మాంసకృత్తులు కలిసిన కట్టడము. పెద్దది, చిన్నది అని రెండు భాగములు, పని దొరికినప్పుడు కలుస్తవి, పని అయిపోతే విడిపోతవి. కేంద్రకము నుండి వచ్చిన వార్తాహర ఆర్.ఎన్.ఏ. అనే పోగును ఒక చివర నుండి చదువుకుంటూ పోతూ, అందులో వ్రాసి ఉన్న వరుస ప్రకారము ఆమైనో ఆమ్లములను ఒకదానికొకటి తగిలించి గొలుసు కడుతుంది. క్షణమునకు సుమారు అయిదు లంకెలు. మనిషి ఆల్బుమిన్ గొలుసు మొదట కట్టినప్పుడు 609 లంకెలు ఉంటుంది. అంటే రమారమి రెండు నిమిషముల పని. ఒకే పోగు మీద అనేక రైబోసోములు ఒకదాని వెనుక ఒకటి నడుస్తూ ఉంటవి. పొర మీద అటువంటి వరుసలను పైనుండి చూస్తే జిలేబి చుట్టల వలె కనిపిస్తవి. ఒక్కొక్క కాలేయకణములో ఇటువంటి యంత్రములు కోటికి తక్కువ ఉండవు.

ఈ చుక్కలను మొదట స్పష్టముగా చూచి వర్ణించినవాడు జార్జి పలాడె. రుమేనియాలో పుట్టి, న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు. అంతకు ముందే అదే సంస్థలో కీత్ పోర్టరు, ఆల్బర్టు క్లాడు మొదలైనవారు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో కణద్రవ్యములో ఒక పొరల అల్లికను చూచినారు. దానికి అంతర్జీవద్రవ్యజాలమని పేరు. ఇకమీద దానిని జాలము అందాము. కాలేయకణములోని పొరలన్నిటినీ కలిపి పరిస్తే అందులో సగము ఈ జాలమే. 1955లో పలాడె ఆ జాలము మీద సన్నని గింజలున్నవనీ, అటువంటి గింజలే విడిగా కూడ ఉన్నవనీ ప్రకటించినాడు. అంటే మా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు బీజము మొదటి వ్యాసములోనే ఉన్నది. ఆ గింజలు ఏమి చేస్తవో అప్పటికి తెలియదు. అదే సంవత్సరము బాస్టనులో పాల్ జామెక్నిక్, ఆయన సహచరులు రేడియోధార్మిక శక్తిగల లూసిన్ అనే ఆమైనో ఆమ్లమును ఎలుక రక్తములోనికి ఎక్కించి, కొన్ని నిమిషములలో కాలేయమును తీసి పరీక్షించినారు. ఆ లూసిన్ అన్నిటికంటె ముందు మాంసకృత్తుగా చేరినది ఈ గింజలలోనే. రైబోసోము అనే పేరు మాత్రము 1958లో వచ్చినది.

ఇప్పుడు రెండు రకములను వేరుచేయవలెను. వేరుచేయనిదే ఏది ఏమి చేస్తుందో ఎట్లా తెలుస్తుంది? ఈ పని చక్కగా చేసినవారు అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములోని గుంటర్ బ్లోబెల్, ఆయన గురువు వాన్ పాటర్. వారి వ్యాసము 1967లో వచ్చినది. ఆ పద్ధతి మన ఇండ్లలో మజ్జిగ చిలికేవారికి వెంటనే బోధపడుతుంది. చిలికితే వెన్న పైకి తేలుతుంది, ఏమంటే కొవ్వు తేలిక. జాలపు పొరలోనూ కొవ్వు పదార్థమున్నది. రైబోసోములో లేదు. కాబట్టి పొర నంటిన రైబోసోము, తాను బరువైనదే అయినా, పొరతోపాటు తేలవలెను. విడిగా ఉన్నది మునగవలెను.

అయితే మంచినీటిలో రెండూ మునుగుతవి. తేలడానికీ మునగడానికీ నడుమ సరియైన చిక్కదనము గల ద్రవము కావలెను. అందుకు వారు వాడినది మనము కాఫీలో వేసుకొనే చక్కెరే. లీటరు ద్రావణములో 684 గ్రాముల చక్కెర ఉండేటట్లు పాకము చేసి గొట్టములో పోస్తారు. కాలేయమును చల్లగా ఉంచి, గాజు గొట్టములో బిగుతైన రోకలి వంటి కడ్డీతో నలుపుతారు. (ఆ పరికరమునకు ఈ పాటర్‌గారి పేరే ఉన్నది, 1936లో ఆయన మరొకరితో కలిసి తయారు చేసినది.) నలిగినప్పుడు జాలము తెగి, ముక్కలు చుట్టుకొని చిన్న చిన్న సంచులవుతవి; రైబోసోములు సంచుల బయటి వైపున అంటుకొనే ఉంటవి. ఆ నలుగును పాకము మీద పోసి, గురుత్వాకర్షణకు లక్ష రెట్లు బలముతో గంటల తరబడి త్రిప్పుతారు. విడిగా ఉన్న రైబోసోములు పాకము గుండా దిగి అడుగున బిళ్ళ కడతవి. సంచులు తమ రైబోసోములతో సహా పాకము మీదనే నిలిచిపోతవి. తరువాత వాటికి పిత్తరసములో దొరికే ఒక లవణము కలుపుతారు. సబ్బు జిడ్డును వదిలించినట్లు అది పొరను కరిగిస్తుంది. ఆసరా పోయిన రైబోసోములు ఈసారి తామూ మునుగుతవి.

ఒక చిన్న మెలకువ చెప్పక తప్పదు, ప్రయోగమంటే ఏమిటో విద్యార్థులకు తెలుస్తుంది. ముందు రాత్రి ఎలుకకు మేత పెట్టరు. ఎందుకనగా తిన్న ఎలుక కాలేయములో గ్లైకోజెన్ అనే పిండిపదార్థము నిండుగా ఉంటుంది. అది కూడ బరువైనదే, విడి రైబోసోములతో కలిసి అడుగుకు చేరి బిళ్ళను పాడుచేస్తుంది. రాత్రి పస్తుంటే అది ఖర్చయిపోతుంది.

కొలిచి చూస్తే, ఎలుక కాలేయములో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు పొర నంటినవి, ఒక వంతు విడివి అని తేలినది. ఈ పాళ్ళు అన్ని కణములలోనూ ఒకటి కావు. రక్తములో ప్రతిరక్షకములను వదిలే కణములలో పొర నంటినవే చాలా ఎక్కువ. హీమోగ్లోబిన్ తయారుచేసుకొని లోపలనే ఉంచుకొనే పసి ఎర్రకణములలో దాదాపు అన్నీ విడివే. కాలేయములోనే కూడ పరిస్థితిని బట్టి మారుతవి. బొంబాయిలో పుట్టి, బెంగళూరులో చదివి, లండనులో పనిచేసిన జంషెడ్ టాటా 1960 తరువాతి దశకములో, థైరాయిడు గ్రంథి తీసిన ఎలుకలకు ఆ గ్రంథి హార్మోను ఇచ్చి, కాలేయములో రైబోసోములూ, వాటికి తావిచ్చే పొరలూ కలిసి పెరగడము చూపినాడు.

వేరుచేసిన రెండు జట్లకూ గాజుగొట్టములో పని చెప్పడము తరువాతి మెట్టు. 1969లో కోల్విన్ రెడ్మన్ ఒకచోట, హిక్స్, డ్రిస్‌డేల్, మన్రో అనేవారు మరొకచోట, ఈ ప్రయోగము చేసినారు. రైబోసోములను రేడియోధార్మిక ఆమైనో ఆమ్లములతో కలిపి కొంతసేపు ఉంచి, తయారైన మాంసకృత్తులలో ఆల్బుమిన్ వంటి రక్తపు మాంసకృత్తులెంత, ఫెరిటినెంత అని చూడవలెను. అందుకు ప్రతిరక్షకములను వాడినారు. ఆల్బుమిన్‌కు తగిన ప్రతిరక్షకము ఆల్బుమిన్‌నే పట్టి అడుగుకు దించుతుంది, ఫెరిటిన్‌కు తగినది ఫెరిటిన్‌నే. ఫలితము: పొర నంటినవి ముఖ్యముగా ఆల్బుమిన్‌ను, విడివి ముఖ్యముగా ఫెరిటిన్‌ను తయారు చేసినవి. నేను తరగతిలో చెప్పిన ‘ఎగుమతి సరకు, ఇంటి సరకు’ అనే మాటకు ఆధారమిదే.

అంతకు మూడేండ్ల ముందే, 1966లో, రెడ్మన్, సబాటీని కలిసి చేసిన ఒక ప్రయోగము నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది. ప్యూరోమైసిన్ అని ఒక మందు ఉన్నది. అది సగము కట్టిన గొలుసును రైబోసోము నుండి తెంపి వదిలిస్తుంది. కాలేయము నుండి తీసిన సంచులకు ఈ మందు కలిపితే, తెగిన ముక్కలు ఎటు పోవలెను? రైబోసోములు సంచి బయట ఉన్నవి గనుక బయటి ద్రవములోనికి రావలెనని మనకు తోస్తుంది. రాలేదు. సంచి లోపలికి పోయినవి. అంటే గొలుసు కట్టడము పూర్తికాక ముందే, కట్టిన మేర కట్టినట్లు పొరను దాటి లోపలికి దిగుతున్నదన్నమాట. నూతి గట్టున నిలిచి చేద వదిలేవాడి చేతిలో తాడు తెగితే, తెగిన తాడు నూతిలోనికి పోతుంది గాని గట్టు మీద పడదు గదా! జాలము లోపలి చోటు కణద్రవ్యము నుండి వేరు. అక్కడ ప్రవేశించిన మాంసకృత్తు గాల్జీ మండలము మీదుగా చివరకు కణము బయటికి చేరుతుంది. ఆల్బుమిన్‌కు ఈ ప్రయాణము అరగంటలోపు పని.

ఇంతవరకు బాగున్నది. ఆ విద్యార్థిని రెండవ ప్రశ్న మాత్రము అట్లాగే ఉన్నది. ఎవరు చెప్తారు?

రెండు విధములుగా ఊహించవచ్చును. రైబోసోములే రెండు రకములు కావచ్చును. లేదా రైబోసోములన్నీ ఒకటే అయి, చేసే సరకులోనే ఏదో గుర్తు ఉండవచ్చును. మొదటిది చూడడానికి సహజముగా ఉన్నది. దర్జీ దుకాణము వేరు, కమ్మరి కొలిమి వేరు అన్నట్లు. రెండు జట్ల రైబోసోములనూ విప్పి పోల్చి చూచినారు గాని, పనిని నిర్ణయించగల భేదమేదీ నిలబడలేదు. 1971లో బ్లోబెల్ (అప్పటికి ఆయన న్యూయార్కు చేరి పలాడె వద్ద ఉన్నాడు), సబాటీని రెండవ ఊహను వ్రాసి ప్రకటించినారు. బయటికి పోవలసిన ప్రతి మాంసకృత్తు గొలుసుకూ మొదట ఒక సంకేత భాగముంటుంది. అది రైబోసోము నుండి తల బయట పెట్టగానే కణద్రవ్యములోని ఏదో ఒకటి దానిని గుర్తించి, రైబోసోమును పొర దగ్గరకు చేరుస్తుంది. అప్పటికి చేతిలో సాక్ష్యము ఏమీ లేదు. ఊహ మాత్రమే.

సాక్ష్యము మరుసటి ఏడే మరొక దిక్కు నుండి వచ్చినది. కేంబ్రిడ్జిలో సీజర్ మిల్‌స్టీన్, ఆయన సహచరులు ప్రతిరక్షకములో ఒక భాగమును, పొరలు లేని గాజుగొట్టములో తయారు చేయించి చూడగా, అది కణము వదిలే దానికంటె కొంచెము పొడవుగా వచ్చినది. ఆ ఎక్కువ భాగము గొలుసు మొదటనే ఉన్నది. మామూలుగా కణములో అది ఎప్పుడో తెగిపోతున్నది, అందుచేత ఎవరి కంటా పడలేదు.

1975లో బ్లోబెల్, డోబర్‌స్టైన్ చేసిన ప్రయోగము తగవు తీర్చినది. వారు పదార్థములను కావాలనే కలగాపులగము చేసినారు. రైబోసోములు కుందేలు పసి ఎర్రకణములవి; అవి తమ జన్మలో ఎగుమతి పని చేసి ఎరుగనివి. పొరలు కుక్క క్లోమము నుండి తీసి, ఉన్న రైబోసోములను రాల్చివేసినవి. వార్తాహర ఆర్.ఎన్.ఏ. ఎలుక కణితి నుండి తెచ్చినది, ప్రతిరక్షకపు భాగమునకు సంబంధించినది. ఈ మూడింటినీ కలిపితే, కుందేలు రైబోసోములు కుక్క పొరకు అంటుకొని, ఎలుక మాంసకృత్తును చేసి, సంచి లోపలికి దించినవి. సంకేత భాగము తెగిపోయినది కూడ. అవే రైబోసోములకు, అదే పొర ఎదుట ఉంచి, హీమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ తాలూకు ఆర్.ఎన్.ఏ. ఇస్తే అంటుకోలేదు. తయారైన గ్లోబిన్ బయటనే ఉన్నది. యంత్రము ఒకటే. మారినది చేతికిచ్చిన చీటీ.

‘ఏదో ఒకటి గుర్తించి’ అన్న ఆ ఏదో ఒకటి 1980 తరువాత దొరికినది. పీటర్ వాల్టరు, బ్లోబెల్ దానిని వేరుచేసినారు. ఆరు మాంసకృత్తులూ, ఒక చిన్న ఆర్.ఎన్.ఏ. పోగూ కలిసిన రేణువు అది. ఇప్పుడు మన ఆల్బుమిన్ కథను మొదటి నుండి చెప్పవచ్చును. ఆల్బుమిన్ చీటీ కణద్రవ్యములోనికి వస్తుంది. అక్కడ తిరుగుతున్న ఏదో ఒక రైబోసోము, ఏదైనా సరే, దానిని అందుకొని చదవడము మొదలుపెడుతుంది. అప్పటికి అది విడి రైబోసోమే. మొదటి 30, 40 లంకెలు రైబోసోము లోపలి సొరంగములోనే ఉంటవి. గొలుసు ఇంకా పెరిగేసరికి మొదటి 18 లంకెలు బయటపడతవి. అవే సంకేతము, వాటి నడుమ నీటికి పొసగని ఆమైనో ఆమ్లములు గుంపుగా ఉంటవి. వెంటనే ఆ రేణువు వాటిని పట్టుకొని, గొలుసు కట్టడమును మందగింపజేసి, రైబోసోమును జాలపు పొర మీద తనకోసమే ఉన్న గ్రాహకము వద్దకు తీసుకొనిపోతుంది. పొరలో సన్నని ద్వారమొకటి ఉన్నది. రైబోసోము పెద్ద భాగము ఆ ద్వారము మీద కూర్చుంటుంది, రేణువు తప్పుకుంటుంది, పని మళ్ళీ సాగుతుంది. లోపలి వైపున ఒక ఎంజైము ఆ 18 లంకెలనూ కత్తిరించివేస్తుంది. తరువాతి మజిలీలో మరి ఆరు పోయి, 585 లంకెల ఆల్బుమిన్ రక్తములో చేరుతుంది. ఫెరిటిన్ గొలుసుకు అటువంటి సంకేతము లేదు. రేణువు దానిని పట్టుకోదు. రైబోసోము ఉన్నచోటనే పని ముగిస్తుంది.

పని ముగియగానే రైబోసోము రెండు భాగములూ విడిపోతవి. చిన్నది తొందరగా కణద్రవ్యములో కలుస్తుంది. పెద్దది కొంతసేపు పొరను వదలకపోవచ్చును. ఏమైనా, ఈ పూట ఆల్బుమిన్ చేసిన రైబోసోము మరొక పూట ఫెరిటిన్ చేయవచ్చును. కాబట్టి ‘పొర నంటినవి’, ‘విడివి’ అన్నవి జాతుల పేర్లు కావు. పని స్థితుల పేర్లు. బస్సులో కూర్చున్నవారు, స్టాండులో నిలుచున్నవారు అన్నట్లు. ఈ పరిశోధనకు బ్లోబెల్‌కు 1999లో నోబెల్ బహుమతి వచ్చినది. క్లాడు, డి డూవ్, పలాడెలకు అంతకు ముందే 1974లో వచ్చి ఉన్నది.

ఉపాధ్యాయులు ఇంకొక సవరణ కూడ చేయవలసి ఉన్నది. ‘ఎగుమతి సరకు’ అనే మాట చాలదు. పొర మీద తయారయ్యేవాటిలో కణమును వదలనివి చాలా ఉన్నవి: కణపు పొరలలో ఇమిడి ఉండే మాంసకృత్తులు, లైసోసోములలోని ఎంజైములు ఈ దారినే పోతవి. ఇటు, మైటోకాండ్రియాకు కావలసిన వందలాది మాంసకృత్తులలో చాలా భాగము కణద్రవ్యములో తయారై, తమ వేరే సంకేతములతో అక్కడికి చేరుకుంటవి. సంకేతము లేని కొన్ని మాంసకృత్తులు పొర మీది రైబోసోములపై తయారవుతున్న ఉదాహరణలు కూడ కనిపించినవి. ప్రకృతి మన పట్టికలను అంతగా లెక్క చేయదు.

ఈ ఏర్పాటు చెడితే ఏమవుతుంది? బట్టల మీది జిడ్డు మరకలు పోగొట్టడానికి ఒకప్పుడు విరివిగా వాడిన కార్బన్ టెట్రాక్లోరైడు కాలేయమునకు విషము. దానిని ఎలుకకు ఇస్తే కొద్ది గంటలలోనే జాలము ఉబ్బి, దాని మీది రైబోసోములు రాలిపోవడము ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచినారు. ఆల్బుమిన్ తయారీ పడిపోతుంది. కొవ్వును కాలేయము నుండి బయటికి మోసే మాంసకృత్తు కూడ పొర మీదనే తయారు కావలసినది, అదీ తగ్గుతుంది. మోసేవారు లేక కొవ్వు కాలేయములోనే పేరుకుంటుంది.

మరొక విధమైన చెరుపు పుట్టుకతో వచ్చేది. ఊపిరితిత్తులను కాపాడే ఆల్ఫా-1 యాంటిట్రిప్సిన్ అనే మాంసకృత్తు కాలేయములో, పొర మీది రైబోసోములపై తయారవుతుంది. 394 లంకెలలో 342వది ఒక్కటి మారితే గొలుసు జాలములోనికి చక్కగానే ప్రవేశిస్తుంది గాని, సరిగా మడతపడక అక్కడనే చిక్కుకుంటుంది. రక్తములోనికి వచ్చేది పదవ వంతో, కొంచెము ఎక్కువో. ఊపిరితిత్తులు కాపు లేక చెడతవి. కాలేయము తన సరకు తనలోనే పేరుకొని చెడుతుంది. ఇది ఉత్తర ఐరోపా సంతతివారిలో ఎక్కువ, మన దేశములో అరుదు.

మన దేశములో అరుదు కానిది హెపటైటిస్ బి. ఆ వైరసు కాలేయకణములో దూరి, పైన చెప్పిన ఏర్పాటునంతా తన పనికి వాడుకుంటుంది. వైరసు పైకప్పు మాంసకృత్తు పొర మీది రైబోసోములపై తయారవుతుంది. (హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో విడుదల చేసిన టీకాలో ఉన్నది ఆ పైకప్పు మాంసకృత్తే, దానిని ఈస్టు కణములచేత చేయించినారు.) వైరసు లోపలి డొల్లకు కావలసిన మాంసకృత్తు విడి రైబోసోములపై తయారై కణద్రవ్యములోనే గుండ్రని డొల్లగా అమరుతుంది. విశేషము ఇక్కడ ఉన్నది. ఈ డొల్ల మాంసకృత్తు చీటీనే వైరసు మరొక విధముగా కూడ వ్రాస్తుంది: చదవడము కొంచెము ముందు నుండి మొదలయ్యేటట్లు. అప్పుడు గొలుసు మొదట 29 లంకెలు అదనముగా చేరుతవి. అందులో మొదటి 19 సంకేతము. ఇక జరిగేది పాఠకులు ఊహించగలరు. అదే కణములోని అవే రైబోసోములు, మిగిలిన గొలుసంతా అదే. అయినా రేణువు వచ్చి పట్టుకుంటుంది, రైబోసోము పొర చేరుతుంది, సంకేతము తెగుతుంది. తోకలో కొంత భాగము కూడ దారిలో కత్తిరింపబడి, గొలుసు డొల్లగా అమరక, రక్తములోనికి వచ్చేస్తుంది. రక్తములో దానిని 1972లోనే గుర్తించి ‘ఇ యాంటిజెన్’ అని పేరు పెట్టినారు.

ఈ వ్యాధి ఉన్నవారి రక్తపరీక్ష కాగితములో ‘హెచ్.బి.ఇ. యాంటిజెన్’ అని ఉండే వరుస అదే. ఉన్నదని వస్తే వైరసు కాలేయములో జోరుగా పెరుగుతున్నదనీ, ఇతరులకు అంటే అవకాశము ఎక్కువనీ వైద్యులు గ్రహిస్తారు. లేదని వచ్చినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. కొన్ని వైరసులలో ఆ 29 లంకెల భాగములోనే ఒక అక్షరము మారి, అక్కడ చదవడము ఆగిపోతుంది. అటువంటి రోగి రక్తములో ఇ యాంటిజెన్ కనిపించదు. డొల్ల మాంసకృత్తు మాత్రము విడి రైబోసోముల మీద ఎప్పటివలెనే తయారవుతూ ఉంటుంది, వైరసు పెరుగుతూనే ఉంటుంది. అందుచేత వైద్యులు వైరసు డి.ఎన్.ఏ.ను కూడ కొలిపిస్తారు.